పెళ్లికార్డుల ప్రెస్‌లో మళ్లీ ఎక్స్‌పీ ఎక్కించిన కేసు, సీడీ ఎక్కడ దొరికిందంటే

తెనాలిలో ఒక పెళ్లికార్డుల ప్రెస్, స్క్రీన్ ప్రింటింగ్‌తో పాటు చిన్న ఆఫ్‌సెట్ మిషన్ కూడా ఉంది. డీటీపీ, అంటే కార్డు టైప్ చేసి డిజైన్ చేసే పని, మొత్తం ఒకే ఒక్క సిస్టమ్ మీద నడుస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, ఒక తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, ఆ ప్యాకేజీ తెరుచుకోవాలంటే వెనకాల పారలల్ పోర్టులో (పాత ప్రింటర్లు తగిలించే పోర్టు) పెట్టే హార్డ్‌వేర్ లాక్ (దొంగ కాపీలు నడవకుండా కంపెనీ ఇచ్చే చిన్న ముక్క), ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీయడానికి ఒక లేజర్ ప్రింటర్. ఇదీ సెటప్. ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్ (విండోస్‌ని మొదలుపెట్టే ఫైల్ దొరకలేదు) అని నల్ల స్క్రీన్ మీద ఒక్క లైను, ఇంక ముందుకు పోలేదు.

బాగుచెయ్యడానికి నేను వెళ్లేసరికి ఊళ్లో ఇద్దరు ముగ్గురు చూసేశారు. అందరూ చెప్పింది ఒకటే మాట, ఇది తీసి పారేసి కొత్త సిస్టమ్ కొనుక్కోండి, విండోస్ 11 వేద్దాం అని. ఓనర్ గారు నాతో అన్నది కూడా ఒకటే మాట. "అబ్బాయ్, నాకు కొత్తది కొనడానికి అభ్యంతరం లేదు, కానీ అక్క కూర్చుని టైప్ చేస్తే ఇరవై ఏళ్లుగా ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడుతుందో అదే పడాలి, పాత కార్డులన్నీ తెరుచుకోవాలి, అది చెయ్యగలిగితే చెయ్యి." అక్క అంటే వాళ్ల ఆపరేటర్, యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో కళ్లు మూసుకుని కొట్టేస్తుంది.

ఇలాంటి కేసుల్లో చాలామంది ముందు ఓఎస్ గురించి ఆలోచిస్తారు, ఎక్స్‌పీ పెట్టాలా, 7 పెట్టాలా, 10 పెట్టాలా అని. నేను ఆ పక్కనుంచి రాను. ఓఎస్‌ని మనం ఎంచుకోం, ఆ గొలుసులో అన్నిటికంటే మొండి వస్తువు ఏదో అదే ఎంచుతుంది. ఇక్కడ అది లాక్. దాని డ్రైవర్ (విండోస్ దాన్ని గుర్తుపట్టడానికి కావాల్సిన ప్రోగ్రామ్) 32 బిట్‌ది, ఎక్స్‌పీ దాకానే వచ్చింది. ప్యాకేజీ ఇన్‌స్టాలర్ అయితే ఇంకా పాతది, 16 బిట్, 64 బిట్ విండోస్ ఏదైనా సరే దాన్ని అసలు మొదలే పెట్టనివ్వదు. అంటే కొత్త సిస్టమ్, విండోస్ 11 అనే దారి అక్కడే మూసుకుపోయింది.

వర్చువల్ మిషన్ (కొత్త సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌లా పాత ఓఎస్ నడపడం) ఎందుకు కాదు అని అడుగుతారు, నేనూ ఆలోచించా. లాక్ యూఎస్‌బీది అయితే కచ్చితంగా అదే చేసేవాడిని, కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ వేసి లోపల ఎక్స్‌పీ పెట్టి లాక్‌ని లోపలికి పంపేస్తే సరిపోతుంది. పారలల్ లాక్ అలా కాదు. ఇప్పటి బోర్డుల్లో ఆ పోర్టే లేదు, కార్డు కొని పెట్టినా అది పారలల్ పోర్టుకి మామూలుగా ఉండే పాత 378 అడ్రస్ మీద రాదు, వేరే అడ్రస్ తీసుకుంటుంది, పాత లాక్ డ్రైవర్లకి 378 తప్ప ఇంకోటి పట్టదు చాలాసార్లు. పేజ్‌మేకర్ బదులు వచ్చిన ఇన్‌డిజైన్‌కి మారిపోదాం అంటే, పేజ్‌మేకర్ ఫైళ్లని తెరిచేది సీఎస్6 దాకానే, తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో అది తీసేశారు. తెరుచుకున్నా ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లీష్ అక్షరాల కోడ్ల మీద తెలుగు ముక్కలు పేర్చినవి, ఫాంట్ లేకపోతే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట చెత్త అక్షరాలు కనపడతాయి. టైపింగ్‌కి ఆ ప్యాకేజీ కావాలి, ప్యాకేజీకి లాక్ కావాలి, తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

కాబట్టి పాత మిషన్, పాత ఎక్స్‌పీ. జ్యేష్ఠం ముహూర్తాలు అయిపోయి ఆషాఢం నడుస్తోంది కాబట్టి టైమ్ ఉంది, శ్రావణం ఆర్డర్లు మొదలయ్యేలోపు అయిపోవాలి అనుకున్నాం.

డిస్క్ సంగతి ముందు

ఇన్‌స్టలేషన్ సీడీ చేతిలో ఉన్నా ముందు దాన్ని పక్కన పెట్టండి, పాత హార్డ్‌డిస్క్‌ని అలాగే బయటికి తీసి ఇంకో మిషన్‌కి పెట్టి లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) చూస్తే పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడానికి రాని చోట్లు, బోలెడు ఉన్నాయి, అంటే డిస్క్ పోతోంది. విండోస్‌లో పెట్టి చెక్‌డిస్క్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది, పోతున్న డిస్క్ మీద అది చెయ్యకండి, అది రిపేర్ పేరుతో ఉన్న ఫైళ్ల ఎంట్రీలు కూడా మార్చేస్తుంది, ఆ తిరుగుడుకి డిస్క్ మిగతా ప్రాణం కూడా పోతుంది.

డీడీరెస్క్యూ అనే లైనక్స్ ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఇమేజ్ తీశా. దీంట్లో బాగున్నది ఏంటంటే మొదటి రౌండ్‌లో చెడ్డ చోట్లని వదిలేసి బాగున్నదంతా ముందు లాగేస్తుంది, తర్వాతే చెడ్డ చోట్ల మీద కూర్చుంటుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా మళ్లీ మొదటినుంచి చదవదు. డీ డ్రైవ్‌లో ఉన్న కార్డులన్నీ వచ్చేశాయి. సీ డ్రైవ్‌లో మాత్రం విండోస్ ఫోల్డర్ మధ్యలోనే దెబ్బ తగిలింది, రిజిస్ట్రీ సిస్టమ్ ఫైల్ చదవడానికి రాలేదు, కొన్ని ఫాంట్ ఫైళ్లు కూడా సగమే వచ్చాయి. అందుకే రిపేర్ ఇన్‌స్టాల్ అనే ఆలోచన మానేసి ఫ్రెష్‌గా వెయ్యాలని డిసైడ్ అయ్యాం.

ఎక్స్‌పీ ఎక్కడ దొరుకుతుంది

అందరూ అడిగేది ఇదే. ఎక్స్‌పీ వచ్చింది 2001 అక్టోబర్‌లో, సపోర్ట్ ఆగిపోయింది 2014 ఏప్రిల్ 8న, మైక్రోసాఫ్ట్ దీని ఐఎస్‌ఓని (సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసిన కాపీ) మామూలు జనానికి ఎక్కడా డౌన్‌లోడ్‌కి పెట్టట్లేదు. దాంతో జనం గూగుల్ చేసి బ్లాక్ ఎడిషన్ అనీ అల్టిమేట్ అనీ ఎవరెవరో కలిపి కుట్టిన ఐఎస్‌ఓలు దించుకుంటారు. నాకూ ఒకతను అలాంటిదే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చాడు, "చాలా ఫాస్ట్ అన్నా, సాటా డ్రైవర్లు అన్నీ లోపలే ఉన్నాయి" అన్నాడు. ఉంటాయి, వాటితో పాటు ఇంకేం ఉన్నాయో ఎవడికి తెలుసు? వాటిలో సర్వీసులు కొన్ని పీకేసి ఉంటాయి, ప్రింట్ స్పూలర్ దగ్గరో పోర్ట్ డ్రైవర్ దగ్గరో తేడా వస్తే అది లాక్ ప్రాబ్లమా, ఓఎస్ ప్రాబ్లమా అని తేల్చుకోలేం. నేను వాడను.

ఒరిజినల్ ఐఎస్‌ఓ అని ఎవరైనా ఇచ్చినా రెండు చూడండి. ఒకటి ఎస్‌హెచ్‌ఏ1 హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, మైక్రోసాఫ్ట్ డెవలపర్ల కోసం నడిపిన ఎంఎస్‌డీఎన్‌లో ఇచ్చిన ఇమేజ్‌ల హ్యాష్‌లు నెట్‌లో దొరుకుతాయి, ఒక్క అక్షరం తేడా ఉన్నా అది ఒరిజినల్ కాదు. రెండోది సీడీ లేబుల్. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఎస్‌పీ3 (సర్వీస్ ప్యాక్ 3) సీడీ అయితే లేబుల్ జీఆర్‌టీఎంపీ అని మొదలవుతుంది, దాని తర్వాత ఎఫ్‌పీపీ ఉంటే రిటైల్, ఓఈఎం ఉంటే ఓఈఎం (కొత్త మిషన్‌తో పాటు ఇచ్చేది), వీఓఎల్ ఉంటే కంపెనీలకిచ్చే వాల్యూమ్ సీడీ. కేబినెట్ మీద స్టిక్కర్ ఓఈఎంది, చేతిలో సీడీ రిటైల్‌ది అయితే ఆ కీ తీసుకోదు, జనం కీ తప్పు అనుకుని స్టిక్కర్‌ని గీరిగీరి చూస్తారు, తప్పు కీలో లేదు సీడీలో ఉంది.

మా కేసులో ఇదంతా అవసరం పడలేదు. ఈ మిషన్ అసెంబుల్డ్ కాదు, 2008 ప్రాంతంలో కొన్న ఒక బ్రాండెడ్ ఆఫీస్ మోడల్. కేబినెట్ పక్కన ఎక్స్‌పీ ప్రొఫెషనల్ స్టిక్కర్ ఇంకా ఉంది. "బాబాయ్, దీంతో పాటు వచ్చిన సీడీలు ఎక్కడున్నాయి" అంటే, ఏం సీడీలు, ఎప్పుడో పోయుంటాయి అన్నారు. వదల్లేదు. పాత శాంపిల్ కార్డుల ఆల్బమ్‌లు దాచిన అటక మీద వెతికిస్తే, పాత వారంటీ కార్డుతో పాటు కవర్లో ఉన్నాయి, ఎక్స్‌పీ ఎస్‌పీ2 సీడీ, డ్రైవర్ల సీడీ, ఇంకా మేలు ఏంటంటే తెలుగు ప్యాకేజీ ఒరిజినల్ సీడీ కూడా. పాత ఓఎస్ వెతకడం అంటే నా లెక్కలో సగం పని ఇదే, నెట్‌లో వెతికేముందు అటక, బీరువా, బిల్లుల సంచి వెతకాలి. ఆ రోజుల్లో సీడీలు పారేసే అలవాటు మనవాళ్లకి లేదు.

బ్రాండెడ్ సీడీకి ఇంకో సుఖం. ఆ కంపెనీ ఎక్స్‌పీ సీడీలో ఓఈఎంబయోస్ అనే నాలుగు ఫైళ్లు ఉంటాయి, విండోస్ వాటిని పెట్టుకుని బోర్డు బయోస్‌లో (ఆన్ చెయ్యగానే నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ఆ కంపెనీ గుర్తు ఉందా అని చూస్తుంది, ఉంటే యాక్టివేషన్ అనేదే అడగదు. ఫోన్ చేసి అంకెలు చదివే పని లేదు. ఒక మెలిక ఉంది, సీడీలో దాంతోపాటే వచ్చే కీ వేరు, స్టిక్కర్ మీద కీ వేరు. స్టిక్కర్ కీ టైప్ చేస్తే యాక్టివేషన్ అడుగుతుంది, సీడీని దాని మానాన వదిలేస్తే అడగదు. బోర్డు మారిస్తే ఈ సుఖం పోతుంది, అందుకే ఆ బోర్డుని కాపాడుకోవడం ముఖ్యం. కెపాసిటర్లు ఉబ్బాయేమో చూశా, లేవు, ఎస్‌ఎంపీఎస్ (మిషన్‌కి కరెంట్ ఇచ్చే డబ్బా) మాత్రం మార్పించా, పాత ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోతుంది.

సీడీ మీద గీతలు ఉన్నాయి కాబట్టి దాన్ని కూడా డీడీరెస్క్యూతోనే ఐఎస్‌ఓ తీశా, తర్వాత ఎన్‌లైట్ అనే ప్రోగ్రామ్‌లో పెట్టి ఎస్‌పీ3 కలిపా. డ్రైవర్ల సీడీ లేనివాళ్లకి ఒక మాట, పాత డ్రైవర్లు ఇప్పుడే దించి పెట్టుకోండి, ఇంటెల్ 2019లో పాత బోర్డుల డ్రైవర్లు, బయోస్ ఫైళ్లు తన సైట్‌లోంచి తీసేసింది, మైక్రోసాఫ్ట్ 2020 ఆగస్టులో ఎస్‌హెచ్‌ఏ1 సంతకం ఉన్న డౌన్‌లోడ్లు తీసేసింది, ఎక్స్‌పీవి చాలావరకు వాటిలోనే పోయాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా దొరుకుతున్నాయి, హ్యాష్ చూసుకుని వాడాలి.

ఇన్‌స్టాల్

సీ డ్రైవ్‌కి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాం, డేటాకి వేరే హార్డ్‌డిస్క్. ఎక్స్‌పీకి ఎస్‌ఎస్‌డీ అంటే ఏంటో తెలీదు. ట్రిమ్ (చెరిపేసిన చోట్లు ఏవో ఎస్‌ఎస్‌డీకి చెప్పే కమాండ్) లేదు, దానికి తోడు ఎక్స్‌పీ సెటప్‌లో పార్టిషన్ చేస్తే 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, ఎస్‌ఎస్‌డీ లోపల 4కే లెక్కకి అది అడ్డంగా పడుతుంది, ఒక చోట రాయాల్సింది రెండు చోట్ల రాయాల్సి వస్తుంది. అందుకని ముందు విండోస్ 7 డీవీడీతో బూట్ చేసి షిఫ్ట్ ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్‌లో అలైన్ 1024 ఇచ్చి పార్టిషన్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ కొట్టి, యాక్టివ్ చేశా. మొత్తం వాడకుండా పావు వంతు ఖాళీగా వదిలేశా, ట్రిమ్ లేని లోటుకి అది కొంచెం పనికొస్తుంది. తర్వాత ఎక్స్‌పీ నీలం స్క్రీన్‌లో ఆ పార్టిషన్‌నే ఎంచుకుని, ఉన్న ఫైల్ సిస్టమ్‌ని అలాగే ఉంచు అనే చివరి ఆప్షన్ కొట్టాలి, అక్కడ పార్టిషన్ డిలీట్ చేసి మళ్లీ చేస్తే మనం చేసిందంతా వేస్ట్.

ఈ బోర్డు జీ31 చిప్‌సెట్, ఐసీహెచ్7, దాంట్లో ఏహెచ్‌సీఐ (డిస్క్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) లేదు కాబట్టి ఎక్స్‌పీ డిస్క్‌ని నేరుగా చూసింది. మీ దగ్గర దానికంటే కొత్త బోర్డు ఉంటే బయోస్‌లో సాటా మోడ్‌ని పాత పద్ధతి ఐడీఈకి మార్చకపోతే హార్డ్‌డిస్క్ లేదు అంటుంది, లేకపోతే 7బీ అని బ్లూ స్క్రీన్ కొడుతుంది. సీడీలో లోపమేమీ లేదు, ఎక్స్‌పీ పుట్టేనాటికి ఏహెచ్‌సీఐ లేదు అంతే.

సెటప్ మొదలుపెట్టేముందు డేటా డిస్క్ వైర్ పీకెయ్యాలి, ముందున్న కార్డ్ రీడర్ వైరు కూడా పీకెయ్యాలి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ కార్డ్ రీడర్ ఉంటే ఎక్స్‌పీ దాని స్లాట్లకి సీ, డీ, ఈ అని పేర్లు పెట్టుకుంటూ పోయి తను వెళ్లి హెచ్‌లోనో ఐలోనో కూర్చుంటుంది, విండోస్ ఉన్న డ్రైవ్ అక్షరం తర్వాత మామూలుగా మార్చలేం. ప్రెస్‌లో ఇది ప్రాణసంకటం, ఎందుకంటే పేజ్‌మేకర్ బొమ్మల్ని ఫైల్లో పెట్టుకోకుండా దారి మాత్రమే గుర్తుపెట్టుకునే లింకులు బోలెడు ఉంటాయి, వినాయకుడి బొమ్మ, కలశం, మంగళవాయిద్యాల బొమ్మ అన్నీ డీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్ అని ఉంటుంది. ఇన్‌స్టాల్ అయ్యాక డీవీడీ డ్రైవ్ డీ తీసేసుకుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని జెడ్‌కి మార్చి, డేటా డిస్క్ పెట్టి దానికి డీ ఇచ్చా. ఒక కార్డు తెరిచి చూస్తే వినాయకుడు ఉన్నాడు.

డ్రైవర్లు చిప్‌సెట్ ముందు, గ్రాఫిక్స్ తర్వాత, ఆ పైన మిగతావి. ఇందులో చెప్పడానికేం లేదు.

లాక్

ప్యాకేజీ ఎక్కింది, లాక్ డ్రైవర్ ఎక్కింది, సిస్టమ్ ఆపి లాక్ పెట్టి మళ్లీ ఆన్ చేశాం, తెరిస్తే లాక్ కనపడలేదు అని మెసేజ్. ఓనర్ గారి మొహం చూడాలి అప్పుడు. లాక్ పోయిందేమో అని అందరి అనుమానం, ఆ ప్యాకేజీకి కొత్త లాక్ అడిగే అవకాశం కూడా ఇప్పుడు లేదు.

డివైస్ మేనేజర్‌లో ఎల్‌పీటీ1, అంటే పారలల్ పోర్టు, ఉంది, ఎర్ర గుర్తు పసుపు గుర్తు ఏమీ లేవు. గడియారం చూస్తే తేదీ ఎక్కడో వెనక్కి ఉంది. అక్కడ దొరికింది. బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, కరెంట్ తీసినప్పుడల్లా బయోస్ డిఫాల్ట్‌కి వెళ్లిపోతోంది. ఇన్నాళ్లూ ప్రెస్‌లో స్విచ్ ఎప్పుడూ కట్టరు కాబట్టి తెలియలేదు, మిషన్ కదిలించాక బయటపడింది. బయోస్‌లో పారలల్ పోర్ట్ మోడ్ డిఫాల్ట్‌గా ఈసీపీకి వెళ్లింది, ఈపీపీకి మార్చి, అడ్రస్ 378 అని ఖాయం చేసి, కొత్త బ్యాటరీ వేస్తే ప్యాకేజీ ఠక్కున తెరుచుకుంది. పారలల్ లాక్ కనపడట్లేదు అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది గడియారం టైమ్ కరెక్ట్‌గా ఉందా అనే. ఇంకోటి, ఆ లాక్‌ని మిషన్ ఆన్‌లో ఉండగా పీకడం, పెట్టడం చెయ్యకూడదు, యూఎస్‌బీ అలవాటు పడ్డ పిల్లలు అదే చేస్తారు.

ఫాంట్ల దగ్గర అరపూట పోయింది. పాత సీ డ్రైవ్‌లోంచి ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తెచ్చి పడేస్తే సగం చదివిన ఫైళ్లు కూడా వచ్చేస్తాయి, అవి పేజ్‌మేకర్‌ని మధ్యలో కూలగొడతాయి. ప్యాకేజీ సీడీలో ఉన్నవి సీడీ నుంచే ఎక్కించి, బయటనుంచి తెచ్చుకున్న డెకరేటివ్ ఫాంట్లని మాత్రం ఒక్కొక్కటి తెరిచి చూసి పెట్టాం. ఏ ఫాంట్ లేదో పేజ్‌మేకరే చెప్తుంది, ఫైల్ తెరిచినప్పుడు పానోస్ అని ఒక విండో వచ్చి ఈ ఫాంట్ లేదు, బదులు ఇది పెట్టనా అంటుంది. అక్కడ ఓకే కొట్టి సేవ్ చెయ్యొద్దని అక్కకి చెప్తే, "ఆ విండో నాకు కొత్తా ఏంటి, నువ్వు ఫాంట్ తెచ్చి పెట్టు చాలు" అంది. రీజనల్ సెట్టింగ్స్‌లో యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష ఇంగ్లీషే ఉంచాలి, తెలుగు సాఫ్ట్‌వేర్ కదా అని అక్కడ వేరేది పెడితే కొన్ని ఒత్తులు గుణింతాలు గల్లంతవుతాయి.

నెట్ లేకుండా

ఈ మిషన్‌కి లాన్ వైర్ లేదు, ఉండదు. ఎక్స్‌పీలో నెట్ వాడటానికి దారులు లేక కాదు, లెగసీ అప్‌డేట్ అని పాత అప్‌డేట్లు తెచ్చిపెట్టే ప్రాజెక్ట్ ఉంది, సూపర్మియం లాంటి బ్రౌజర్లు ఎక్స్‌పీలో నడుస్తున్నాయి. కానీ బ్రతుకుతెరువు నడిచే మిషన్ మీద ఆ సరదా ఎందుకు? 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది, కేబీ4012598, అది వేశా. ఆటోరన్ పూర్తిగా ఆపేశా, ఎందుకంటే ప్రెస్‌లకి వైరస్ వచ్చేది నెట్ ద్వారా కాదు కస్టమర్ పెన్‌డ్రైవ్ ద్వారా.

కస్టమర్లు పెళ్లికొడుకు ఫొటో వాట్సాప్‌లో పంపుతారు, అది ఇంకో మామూలు కొత్త సిస్టమ్‌లో దించి, టిఫ్ చేసి, ఒకే ఒక్క సొంత పెన్‌డ్రైవ్‌లో ఇటు తెస్తారు. కస్టమర్ పెన్‌డ్రైవ్ ఈ మిషన్‌కి పెట్టకూడదు అని కేబినెట్ మీద కాగితం అతికించాం. ఆ పెన్‌డ్రైవ్ 16 జీబీ, ఎఫ్ఏటీ32. పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్ఎఫ్ఏటీ అనే ఇంకో ఫార్మాట్‌తో వస్తాయి, వాటిని పెడితే ఎక్స్‌పీ ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది, ఎవరైనా ఎస్ కొట్టారంటే అంతే సంగతులు. కేబీ955704 వేస్తే ఎక్స్‌పీ కూడా చదువుతుంది, అది కూడా వేసి ఉంచా.

అంతా అయ్యాక క్లోన్‌జిల్లాతో సీ డ్రైవ్ ఇమేజ్ తీసి రెండు చోట్ల పెట్టాం. స్పేర్ కోసం కొత్త బోర్డు వెతక్కుండా, అచ్చం ఇదే మోడల్ పాత మిషన్, స్టిక్కర్‌తో సహా, సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్ల దగ్గర దొరికింది. ఆఫీసులు లాట్ కింద అమ్మేసిన బ్రాండెడ్ మిషన్లు అక్కడికి వస్తుంటాయి. అదే చిప్‌సెట్, బయోస్‌లో అదే కంపెనీ గుర్తు కాబట్టి ఇమేజ్ దించితే 7బీ లేదు, యాక్టివేషన్ గోల లేదు, లాక్ మార్చి పెడితే ప్యాకేజీ తెరుచుకుంది. పాత మిషన్‌ని ఇంకా కొన్నేళ్లు నడపాలంటే అదే మోడల్ ఇంకోటి కొని మూల పెట్టుకోవడం కంటే తెలివైన ఖర్చు నాకు కనపడలేదు.

లాక్‌కి మాత్రం స్పేర్ లేదు. అది పోతే రెండు మిషన్లు ఉన్నా టైపింగ్ ఆగిపోతుంది. అందుకని ఎక్కువ రిపీట్ అయ్యే కార్డుల మోడళ్లన్నీ పేజ్‌మేకర్‌లోంచి, పీడీఎఫ్ తయారుచేసే డిస్టిల్లర్‌తో ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్‌లుగా తీసి పెట్టమని అక్కకి చెప్పా, పేర్లు, ముహూర్తం వదిలేసి మిగతా డిజైన్ అయినా చేతిలో ఉంటుంది. వాటిమీద యూనికోడ్ ఫాంట్లతో పేర్లు వేసే పద్ధతి కొత్త సిస్టమ్‌లో మొదలుపెడదాం అంటే, శ్రావణం గడవనివ్వు, ఆర్డర్లు అయ్యాక చూద్దాం అన్నారు ఓనర్ గారు.